ఆస్తమా ఉండి పోటీల్లో దిగేవాళ్ళకి: ఇన్హేలర్ లెక్కలు, డోప్ టెస్ట్ జాగ్రత్తలు

పోటీకి వారం ముందు ఇన్హేలర్ మానేసేవాళ్ళు ఉన్నారు. ఎవరో సీనియర్ "అది డోపింగ్ కిందకి వస్తుందిరా" అని ఒక మాట అనేసి ఉంటాడు, ఇక టెన్షన్ పట్టుకుని కిట్ బ్యాగులోంచి తీసి ఇంట్లో పెట్టేస్తారు. దీనికి పూర్తిగా తిరగబడిన రకం ఇంకొకటి ఉంది, డాక్టరే రాశాడు కదా నాకేం భయం అనుకుని ఇన్హేలర్, నెబ్యులైజర్, దగ్గు సిరప్, స్టెరాయిడ్ మాత్ర అన్నిటినీ ఒకే ధైర్యంతో వాడేసేవాళ్ళు. మొదటివాళ్ళు సగం రేసులో ఊపిరాడక కూలబడతారు. రెండోవాళ్ళు శాంపిల్ ఇచ్చిన కొన్ని వారాలకు వచ్చే ఉత్తరం చూసి కూలబడతారు.

నిజానికి ఉబ్బసం మందుల విషయంలో డోపింగ్ రూల్స్ మరీ కఠినమైనవేం కావు. ఎక్కువమంది వాడే ఇన్హేలర్లకి ఏ అనుమతీ అక్కర్లేదు. కానీ అదే మందు నోట్లో మాత్రగా వేసుకుంటే నిషేధం, అదే ఇన్హేలర్‌తో రెండు పఫ్‌లు ఎక్కువైతే అనుమానం. అందుకే ఏ మందు గురించైనా నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి: అందులో ఉన్న అసలు మందు ఏది, ఏ దారిలో ఒంట్లోకి వెళ్తోంది, ఎన్ని గంటల్లో ఎంత, పోటీ ఎప్పుడు. "ఇది బ్యాన్ అయిందా?" అని ఒక్క ముక్కలో అడిగితే సరైన జవాబు రాదు, ఎందుకంటే ఒకే సాల్బుటమాల్‌కి "వాడుకోవచ్చు", "వాడకూడదు" రెండూ నిజమే.

ముందు పెట్టె తిప్పి చదవండి

పెద్దక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు పక్కన పెట్టి, కింద చిన్నక్షరాల్లో ఉన్న మందు పేరు చూడండి. ఒకే బ్రాండ్ పేరుతో నాలుగు రకాల సరుకు ఉంటుంది, చివర ఒక అక్షరమో ప్లస్ అనో ఫోర్ట్ అనో తగిలిస్తారు, లోపల మందు మారిపోతుంది. దేశం మారితే అదే పేరుతో వేరే మందు కూడా దొరకొచ్చు, పోటీకి వేరే దేశం వెళ్ళినప్పుడు అక్కడ ఇన్హేలర్ కొనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి, వీలైతే మీ మందు మీరే సరిపడా పట్టుకెళ్ళండి.

నిషేధిత జాబితాను వాడా, అంటే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, తయారుచేస్తుంది. ప్రతి ఏడాదీ జనవరి 1 నుంచి కొత్త జాబితా అమల్లోకి వస్తుంది. అందులో ఎస్3 అనే విభాగం మనది, బీటా-2 అగోనిస్టులు, అంటే బిగుసుకున్న శ్వాసనాళాలను వదులు చేసి గాలి ఆడేలా చేసే మందులు. ఈ విభాగం మొదటి వాక్యమే భయపెట్టేలా ఉంటుంది: అన్ని బీటా-2 అగోనిస్టులూ ఎప్పుడైనా, పోటీ ఉన్నా లేకపోయినా నిషిద్ధం. ఆ తర్వాతే మినహాయింపులు వస్తాయి, పీల్చే రూపంలో, నాలుగే నాలుగు మందులకి: సాల్బుటమాల్, ఫార్మోటెరాల్, సాల్మెటెరాల్, విలాంటెరాల్. కొన్ని దేశాల్లో సాల్బుటమాల్‌ని ఆల్బుటెరాల్ అంటారు, రెండూ ఒకటే.

ఇంత గొడవ ఎందుకంటే ఈ మందులు మాత్రగానో ఇంజెక్షన్‌గానో పెద్ద డోసులో రక్తంలోకి చేరితే కండ పెంచే గుణం చూపిస్తాయి. క్లెన్‌బ్యుటెరాల్ కూడా శ్వాసనాళాలు తెరిచే మందుగానే మొదలైంది, ఇప్పుడు దాన్ని అనబాలిక్, అంటే కండ పెంచే, మందుల వరసలో పెట్టారు, దానికి ఏ మినహాయింపూ లేదు. మామూలు డోసులో పీల్చిన సాల్బుటమాల్ ఆరోగ్యవంతుడైన ఆటగాడికి అదనంగా పెద్ద వేగమేమీ ఇవ్వదని చాలా పరిశోధనల్లో తేలింది, అందుకే పీల్చేదానికి ఒక హద్దు గీసి వదిలేశారు. ఎవరైనా "నీకేంటి, పఫ్ కొట్టుకుని పరిగెడతావు" అని వెటకారం చేస్తే ఈ ముక్క చెప్పండి.

పఫ్‌ల లెక్క

దీని మీద కొంచెం ఓపిగ్గా కూర్చోండి. తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే.

సాల్బుటమాల్ పీల్చేదానికి హద్దు 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, దానితోపాటు ఏ 8 గంటల్లోనైనా 600 మైక్రోగ్రాములు దాటకూడదు. మామూలు నీలం ఇన్హేలర్‌లో ఒక పఫ్ 100 మైక్రోగ్రాములు ఉంటుంది, అంటే 8 గంటల్లో 6 పఫ్‌లు, రోజు మొత్తానికి 16. మీ డబ్బా మీద వేరే అంకె ఉంటే ఆ అంకెతోనే లెక్క కట్టాలి. 2022కి ముందు 12 గంటల్లో 800 అని ఉండేది, పాత పోస్టర్లూ పాత పీడీఎఫ్‌లూ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, అవి చూసి ఒకేసారి 8 పఫ్‌లు తీసుకోవచ్చు అనుకుంటే ఇప్పుడది తప్పు.

8 గంటలు అన్నప్పుడు గడియారం పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 అని ముక్కలు కోసుకోకూడదు. ఏ పఫ్ నుంచి మొదలుపెట్టి లెక్కేసినా ఆ తర్వాతి 8 గంటల్లో 6 దాటకూడదు. ఉదాహరణకి పొద్దున 6కి వార్మప్ ముందు 2, 9కి హీట్స్ ముందు 2, 11కి ఛాతీ పట్టేసినట్టుంటే ఇంకో 2 తీసుకున్నారనుకోండి, కోటా అయిపోయింది. పొద్దున 6కి తీసుకున్నవి మధ్యాహ్నం 2 దాటాకే లెక్కలోంచి బయటికి పోతాయి, అప్పుడు మళ్ళీ 2 తీసుకోవచ్చు. ఒకే రోజు హీట్స్, సెమీస్, ఫైనల్ ఉండే ఆటల్లో ఇది చిక్కు తెచ్చిపెడుతుంది. ప్రతి రౌండ్ ముందూ అలవాటుగా రెండు, మధ్యలో కంగారుకి రెండు కొట్టేస్తే చివరికి ఎన్నయ్యాయో ఎవరికీ గుర్తుండదు. ఫోన్ నోట్స్‌లో టైమూ పఫ్‌ల సంఖ్యా రాసుకోండి, అంతకంటే పెద్ద యాప్ ఏమీ అక్కర్లేదు.

ఫార్మోటెరాల్‌కి 24 గంటల్లో 54 మైక్రోగ్రాములు, 2025 నుంచి దానికి ఇంకో షరతు చేర్చారు, ఏ 12 గంటల్లోనైనా 36 దాటకూడదు. ఇక్కడ డెలివర్డ్ డోసు అనే మాట ఉంది, అంటే ఇన్హేలర్ మూతి దగ్గర బయటికొచ్చే మోతాదు. బ్యూడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిపిన ఇన్హేలర్లలో 6 అని రాసి ఉన్న రకానికి బయటికొచ్చేది చాలావరకు 4.5. ఆ లెక్కన 12 గంటల్లో 8 పఫ్‌లు, రోజుకి 12. ఇప్పుడు చాలామంది డాక్టర్లు రోజువారీ మందుగానూ, ఆయాసం వచ్చినప్పుడు వెంటనే పీల్చేదిగానూ ఇదే ఇన్హేలర్‌ని రాస్తున్నారు, ఆ పద్ధతిలో ఉన్నవాళ్ళు 12 గంటల్లో 8 అన్న అంకెను డబ్బా మీదే పెన్నుతో రాసుకోవడం మంచిది. మీ ఇన్హేలర్ 12 మైక్రోగ్రాముల రకమైతే లెక్క మొత్తం మారిపోతుంది, ఫార్మసిస్ట్‌ని అడిగి డెలివర్డ్ డోసు ఎంతో తెలుసుకోండి.

సాల్మెటెరాల్ 24 గంటల్లో 200 మైక్రోగ్రాములు, 2026 నుంచి దీనికీ ఏ 8 గంటల్లోనైనా 100 దాటకూడదన్న షరతు ఉంది. విలాంటెరాల్ 24 గంటల్లో 25. విలాంటెరాల్ రోజుకి ఒక్కసారి పీల్చే మందే కాబట్టి పొరపాటున రెండోసారి తీసుకుంటే తప్ప ఇబ్బంది ఉండదు.

ఇక ఈ నాలుగు కాకుండా మిగతావన్నీ, టెర్బ్యుటాలిన్, ఇండాకాటెరాల్, ఒలోడాటెరాల్, ప్రోకాటెరాల్, ఫెనోటెరాల్, పీల్చినా సరే నిషిద్ధమే. కొత్తగా వచ్చిన కాంబినేషన్ ఇన్హేలర్లలో ఇండాకాటెరాల్ ఉన్నవి ఉన్నాయి, డాక్టర్ మంచి మందనే రాస్తారు, జబ్బుకి అది మంచి మందే, కానీ అనుమతి లేకుండా ఆటగాడికి పనికిరాదు. లెవోసాల్బుటమాల్ దగ్గర ప్రత్యేకంగా ఆగాలి. గుండె దడ తక్కువ అని చాలామందికి సాల్బుటమాల్ బదులు ఇది రాస్తారు, ఇద్దరూ అన్నదమ్ములే కదా అనిపిస్తుంది. జాబితాలో మాత్రం దాని పేరు నిషిద్ధ మందుల ఉదాహరణల్లో విడిగా రాసి ఉంది. సాల్బుటమాల్ మినహాయింపు దీనికీ వర్తిస్తుందని మీకు మీరే తీర్పు ఇచ్చుకోవద్దు, మీ జాతీయ డోపింగ్ నిరోధక సంస్థకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి, లేదా డాక్టర్‌ని అడిగి మామూలు సాల్బుటమాల్‌కే మారిపోండి. రెండోది తేలిక.

నెబ్యులైజర్ అనే ఉచ్చు

నెబ్యులైజర్‌తో పీల్చినా పీల్చినట్టే కదా అనుకుంటారు. దారి సరైనదే, మోతాదే సమస్య. సాల్బుటమాల్ రెస్ప్యూల్ (నెబ్యులైజర్‌లో పోసే చిన్న మందు గొట్టం) ఒకటి 2.5 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే 2500 మైక్రోగ్రాములు. 8 గంటల హద్దు 600, రోజు హద్దు 1600, ఒక్క రెస్ప్యూల్ రెండిటినీ దాటేసింది. 5 మిల్లీగ్రాముల రకమైతే చెప్పక్కర్లేదు.

నార్వే స్కీయర్ మార్టిన్ యాన్‌స్రుడ్ సుండ్‌బీకి జరిగింది ఇదే. డాక్టర్ సలహాతోనే నెబ్యులైజర్ వాడాడు. రాసి ఉన్న డోసులో ఊపిరితిత్తుల్లోకి చేరేది కొంతే కదా, దాన్నే లెక్కపెట్టాలి అన్నది వాళ్ళ వాదన. క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఒప్పుకోలేదు, 2016లో 2 నెలల నిషేధం వేసింది. 2 నెలలే కదా అనిపిస్తుంది, కానీ దాంతోపాటు 2014-15 టూర్ డి స్కీ టైటిల్, ఆ సీజన్ వరల్డ్ కప్ ఓవరాల్ టైటిల్ రెండూ పోయాయి. మోసం చేశాడని అక్కడ ఎవరూ అనలేదు, డాక్టర్ రూల్‌ని తప్పుగా అర్థం చేసుకున్నాడు, మూల్యం ఆటగాడు కట్టాడు.

ఇంట్లో నెబ్యులైజర్ మిషన్ ఉంటే కొంచెం ఆయాసం రాగానే పెట్టేసుకునే అలవాటు చాలామందికి ఉంటుంది. పోటీల్లో ఉన్నవాళ్ళు ఆ అలవాటు మానుకుని స్పేసర్‌కి, అంటే ఇన్హేలర్ ముందు తగిలించే ఖాళీ గొట్టానికి, మారాలి. ఇన్హేలర్‌ని స్పేసర్‌కి తగిలించి పీలిస్తే మందు గొంతులో కొట్టుకుని మింగుడుపడేది తగ్గి, ఊపిరితిత్తుల్లోకి వెళ్ళేది పెరుగుతుంది, తక్కువ పఫ్‌లతో పని జరుగుతుంది.

మాత్రలు, సిరప్‌లు, "నేచురల్" పొడులు

సాల్బుటమాల్ మాత్ర, సాల్బుటమాల్ సిరప్, టెర్బ్యుటాలిన్ ఉన్న దగ్గు మందు, వీటికి ఎంతవరకు పర్వాలేదు అన్న లెక్కే లేదు. నోటి ద్వారా తీసుకుంటే ఒక్క చెంచా అయినా నిషిద్ధమే, పోటీ లేని రోజుల్లో కూడా. దగ్గుకి అని ఇచ్చే సిరప్‌లలో బ్రోమ్‌హెక్సిన్, అంబ్రోక్సాల్‌తో కలిపి టెర్బ్యుటాలిన్‌నో సాల్బుటమాల్‌నో పెట్టడం మామూలే. బ్రోమ్‌హెక్సిన్‌తో, అంబ్రోక్సాల్‌తో ఏ గొడవా లేదు, పక్కన కూర్చున్న మూడో పేరుతోనే. ఇంట్లో ఎవరికో తెచ్చిన సీసాలోంచి రెండు చెంచాలు తాగేయడం మనందరం చేసిన పనే, మీ పేరు టెస్టింగ్ జాబితాలో ఉన్నాక ఇక చేయకూడని పని కూడా అదే.

జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్, ఎఫెడ్రిన్ వేరే విభాగం, ఉత్ప్రేరకాల కిందకి వస్తాయి, పోటీ సమయంలో మూత్రంలో ఒక హద్దు దాటితే నిషిద్ధం. ఎఫెడ్రిన్ ఒకప్పుడు ఉబ్బసం మందుల్లోనే ఉండేది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల ఫ్రీస్టైల్ ఈతలో బంగారు పతకం గెలిచిన అమెరికా కుర్రాడు రిక్ డిమాంట్‌కి అప్పుడు 16 ఏళ్ళు. ఆస్తమాకి వాడుతున్న మందు వివరం ఆటలకి ముందే ఫారంలో రాసిచ్చాడు కూడా. అది చేరాల్సిన చోటికి చేరలేదు. మందులోని ఎఫెడ్రిన్ బయటపడింది, పతకం వెనక్కి తీసుకున్నారు. మన పని మనం చేసి ఊరుకోకుండా, కాగితం అవతలివాళ్ళకి అందిందో లేదో కూడా కనుక్కోవాలని నేను ప్రతివాళ్ళకీ చెప్పేది ఈ కథ గుర్తొచ్చే.

మూలికలు, ఫ్యాట్ బర్నర్లు, ప్రీ వర్కౌట్ పొడులు: హైజెనమైన్ అనే పదార్థం కొన్ని మొక్కల్లో సహజంగా ఉంటుంది, అదీ బీటా-2 అగోనిస్టే, జాబితాలో పేరుంది. మొక్క నుంచి వచ్చింది కాబట్టి మంచిదే అన్న వాదన అక్కడ చెల్లదు.

స్టెరాయిడ్ అనగానే కంగారు పడొద్దు

ఉబ్బసానికి వాడే స్టెరాయిడ్లు కండలు పెంచే స్టెరాయిడ్లు కావు, వాపు తగ్గించే రకం, గ్లూకోకార్టికాయిడ్లు అంటారు. పీల్చే బ్యూడెసొనైడ్, ఫ్లూటికాసోన్, బెక్లోమెథాసోన్ మామూలుగా రాసే మోతాదులో ఎప్పుడైనా వాడుకోవచ్చు, ముక్కులో కొట్టుకునే స్ప్రేలు కూడా అంతే. అసలు ఆస్తమాని అదుపులో పెట్టేది ఇవే. రోజూ ఇవి సరిగ్గా పీల్చేవాళ్ళకి సాల్బుటమాల్ అవసరం తగ్గుతుంది, పైన చెప్పిన పఫ్‌ల లెక్కంతా దానంతటదే తేలికైపోతుంది. స్టెరాయిడ్ అన్న పేరుకి భయపడి ఇది మానేసి, నీలం ఇన్హేలర్ మీదే బతికేవాళ్ళని చూస్తే నాకు నిజంగా విసుగొస్తుంది. ఆరోగ్యానికీ నష్టం, డోపింగ్ లెక్కలోనూ నష్టం.

నోటి మాత్ర, ఇంజెక్షన్ వేరు. ప్రెడ్నిసొలోన్ లాంటివి నోటి ద్వారా గానీ, ఏ రకమైన ఇంజెక్షన్ ద్వారా గానీ, మలద్వారం ద్వారా గానీ తీసుకుంటే పోటీ సమయంలో నిషిద్ధం. 2022 నుంచి కీళ్ళలో వేసే ఇంజెక్షన్ కూడా ఇందులో చేరింది. పోటీ సమయం అంటే చాలా ఆటల్లో పోటీకి ముందురోజు రాత్రి 11:59 నుంచి పోటీ అయ్యాక శాంపిల్ తీసుకునే దాకా. పోటీ లేని రోజుల్లో వాడుకోవచ్చు, కానీ మందు ఒంట్లోంచి పోవడానికి టైము పడుతుంది కాబట్టి వాడా కొన్ని వాష్‌అవుట్ గడువులు చెప్పింది. నోటి మాత్రలకి 3 రోజులు, ట్రయామ్సినోలోన్ అయితే 10. కండలోకి ఇచ్చే ఇంజెక్షన్ డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, మిథైల్ ప్రెడ్నిసొలోన్ అయితే 5 రోజులు, ప్రెడ్నిసొలోన్ అయితే 10, ట్రయామ్సినోలోన్ అయితే ఏకంగా 60.

ఆదివారం పోటీ అనుకోండి, శనివారం రాత్రి 11:59కే గడియారం మొదలవుతుంది, అక్కడి నుంచి 3 రోజులు వెనక్కి వెళ్తే బుధవారం రాత్రి. ప్రెడ్నిసొలోన్ మాత్రల కోర్సులో చివరిది బుధవారం లోపే అయిపోవాలి. గురువారం కూడా మింగాల్సి ఉంటే మానేయకండి, కోర్సు పూర్తిచేసి అనుమతికి పెట్టుకోండి. నిజం చెప్పాలంటే మాత్రలు మింగేంత ఎటాక్ వచ్చిన నాలుగు రోజులకే పోటీలో దిగడం మంచిదా కాదా అన్నది ముందు మీ డాక్టర్‌తో మాట్లాడాల్సిన మాట.

మాంటెలుకాస్ట్, థియోఫిలిన్, ఇప్రాట్రోపియం, టియోట్రోపియం, క్రోమోగ్లైకేట్, అలర్జీకి వేసుకునే సెటిరిజిన్ లాంటి మాత్రలు, తీవ్రమైన ఆస్తమాకి ఇచ్చే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్, ఇవేవీ జాబితాలో లేవు.

రక్తపోటుకి మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మాత్రలు వాడేవాళ్ళకి మాత్రం ఒక హెచ్చరిక. మూత్రంలో అలాంటి మందు కనబడి, పక్కనే సాల్బుటమాల్ గానీ ఫార్మోటెరాల్ గానీ ఎంత కొంచెమైనా కనబడితే, హద్దు లోపలే పీల్చినా సరే పాజిటివ్ కిందే చూస్తారు, రెండిటికీ అనుమతి ఉండాలి.

మూత్రంలో అంకె

హద్దు లోపల పీల్చినా మూత్రంలో అంకె ఎక్కువ రావచ్చు. సాల్బుటమాల్ మిల్లీలీటరుకి 1000 నానోగ్రాములు, ఫార్మోటెరాల్ 40 దాటితే అది వైద్యానికి వాడిన మోతాదులా లేదని భావిస్తారు. సాల్బుటమాల్‌కి కొలతలో తేడాలకి కొంత వదిలి 1200 దాటితేనే ల్యాబ్ పాజిటివ్‌గా రిపోర్ట్ చేస్తుంది. అప్పుడు బాధ్యత ఆటగాడి మీద పడుతుంది, అనుమతించిన మోతాదు వాడితేనే తనకి ఆ అంకె వచ్చిందని పర్యవేక్షణలో చేసే ప్రత్యేక పరీక్షతో నిరూపించుకోవాలి.

సైక్లింగ్‌లో దీని కథలు బోలెడు. అలెస్సాండ్రో పెటాక్కీకి 2007 జిరోలో (ఇటలీ రేసు) 1320 వచ్చింది, ఏడాది నిషేధం పడింది. డియెగో ఉలిస్సీకి 2014లో 1900 పైన వచ్చి 9 నెలలు. క్రిస్ ఫ్రూమ్‌కి 2017 వుయెల్టాలో (స్పెయిన్ రేసు) 2000 వచ్చింది, నెలల తరబడి పేపర్ల నిండా అదే, చివరికి 2018 జులైలో తప్పు లేదని కేసు మూసేశారు. నీళ్ళు తాగక ఒళ్ళు ఎండిపోయి ఉంటే మూత్రం చిక్కబడి అంకె పెరుగుతుందని తెలుసు కాబట్టి ఇప్పుడు మూత్రం చిక్కదనాన్ని బట్టి హద్దును సవరిస్తున్నారు. అయినా ఫ్రూమ్ లాంటి లాయర్లు మనకుండరు. పఫ్‌లు రాసుకున్న నోట్స్, డాక్టర్ చీటీ, పాత రిపోర్టులు, మన దగ్గరుండేవి ఇవే. అందుకే హద్దు లోపల వాడేవాళ్ళు కూడా, అనుమతి అక్కర్లేకపోయినా, ఫైల్ మాత్రం ఉంచుకోవాలి.

ఎటాక్ వస్తే

ముందు ఊపిరి. తీవ్రమైన ఎటాక్‌లో స్పేసర్‌తో వరసగా 10 పఫ్‌ల దాకా ఇవ్వడం మామూలు అత్యవసర వైద్యమే, అది 1000 మైక్రోగ్రాములు, హద్దు దాటినట్టే. ఆసుపత్రికి వెళ్తే నెబ్యులైజర్ పెడతారు, స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు, సెలైన్ ఎక్కిస్తారు. ఏదీ ఆపమనొద్దు. నిషేధం వస్తుందని ఎటాక్ మధ్యలో పఫ్‌లు లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాళ్ళు పోతారు, మాట కటువుగా ఉన్నా ఉన్నది అదే.

అత్యవసర వైద్యానికి తర్వాత అనుమతి తీసుకునే వీలు రూల్స్‌లోనే ఉంది. కాస్త తేరుకోగానే, ఇంటికి పంపే ముందే, ఆసుపత్రి నుంచి ఏం ఇచ్చారో, ఎంత, ఏ దారిలో, ఏ టైముకి, వచ్చేసరికి ఆక్సిజన్ శాతం ఎంత ఉంది, ఛాతీలో పిల్లికూతలు ఉన్నాయా, ఇవన్నీ ఉన్న డిశ్చార్జ్ కాగితం అడిగి తీసుకోండి. వారం తర్వాత అడిగితే "పేషెంట్‌కి ఆయాసం, మందులు ఇచ్చాం" అని రెండు లైన్లు రాసిస్తారు, అది ఎందుకూ పనికిరాదు. సెలైన్ విషయంలో ఇంకోటి ఉంది: 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకి మించి నరంలోకి ఎక్కించడమే ఒక నిషిద్ధ పద్ధతి, ఆసుపత్రి చికిత్సకి మినహాయింపు ఉంది, హోటల్ రూమ్‌కి మనిషిని పిలిపించి నీరసానికి పెట్టించుకునే డ్రిప్‌కి లేదు.

టీయూఈ ఫైల్ తయారుచేసుకోవడం

టీయూఈ అంటే వైద్య అవసరానికి నిషిద్ధ మందు వాడుకునే అనుమతి. జాతీయ స్థాయి వాళ్ళు జాతీయ డోపింగ్ నిరోధక సంస్థకి, అంతర్జాతీయ స్థాయి వాళ్ళు తమ ఆట అంతర్జాతీయ సమాఖ్యకి పెట్టుకోవాలి. పోటీకి కనీసం 30 రోజుల ముందు పెట్టమంటారు, పూర్తి కాగితాలు అందాక 21 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. "పూర్తి" అన్న మాటలోనే చిక్కంతా ఉంది, ఒక రిపోర్ట్ తక్కువైనా ఆ 21 రోజుల లెక్క మొదలవ్వదు. దేశంలో వచ్చిన అనుమతి అంతర్జాతీయ పోటీలో దానంతటదే చెల్లుతుందనుకోవద్దు, సమాఖ్య దాన్ని గుర్తించిందా అని విడిగా అడగాలి.

కమిటీలో కూర్చునేది డాక్టర్లే. వాళ్ళు చూసేవి: జబ్బు నిజంగా ఉందా, ఆ మందు ఆరోగ్యాన్ని మామూలు స్థితికి తేవడమేనా లేక అంతకుమించి లాభమా, నిషేధం లేని వేరే మందుతో సరిపోదా, ఇదివరకు అనుమతి లేకుండా నిషిద్ధ మందు వాడటం వల్ల వచ్చిన అవసరం కాదు కదా. ఆస్తమాలో మొదటిదాని దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు, ఎందుకంటే "చిన్నప్పటి నుంచి ఉబ్బసం" అన్న మాటకి విలువ లేదు, అంకెలు కావాలి. స్పైరోమెట్రీలో, అంటే గొట్టంలోకి ఊదించి చేసే ఊపిరి పరీక్షలో, మందు పీల్చాక ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో బయటికి ఊదగలిగిన గాలి) కనీసం 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరగాలి. మామూలు సమయంలో ఊదితే బ్రహ్మాండంగా వచ్చి పరిగెడితేనే పట్టేసే ఆటగాళ్ళు చాలామంది, వాళ్ళకి ఈ పరీక్షలో ఏమీ కనబడదు. అప్పుడు వ్యాయామ పరీక్ష గానీ, పొడి గాలిని వేగంగా పీల్పించే పరీక్ష గానీ చేయించాలి, వాటిలో ఎఫ్‌ఈవీ1 10 శాతం పడిపోతే లెక్క. మానిటాల్ పొడిని పీల్పించి చేసే పరీక్షలో అయితే 15. పరీక్షకి ముందు ఏ ఇన్హేలర్ ఎన్ని గంటలు ఆపాలో ల్యాబ్‌ని అడిగి, డాక్టర్‌కి చెప్పి ఆపండి, ఆపకుండా వెళ్తే జబ్బు లేనట్టు రిపోర్ట్ వస్తుంది, మళ్ళీ డబ్బు, మళ్ళీ టైము.

ఒక్కోసారి ఈ పరీక్షల్లో అసలు ఆస్తమానే కాదని తేలుతుంది. గట్టిగా పరిగెత్తినప్పుడు గొంతు దగ్గర స్వరపేటిక మూసుకుపోయే సమస్య అచ్చం ఆస్తమాలాగే ఉంటుంది, ఇన్హేలర్‌కి తగ్గదు. ఎన్ని పఫ్‌లు కొట్టినా తేడా లేదంటే ఇదేమో చూడమని అడగండి.

డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు కూర్చోగానే చెప్పాల్సిన మొదటి మాట "నేను డోప్ టెస్ట్ చేసే పోటీల్లో ఆడతాను". చీటీ రాశాక చెప్తే కొట్టేసి మళ్ళీ రాయడానికి వాళ్ళకీ బద్ధకమే. జాబితాలో ఎస్3 పేజీ, గ్లూకోకార్టికాయిడ్లు ఉండే ఎస్9 పేజీ ప్రింట్ తీసి పట్టుకెళ్ళండి. ఊపిరితిత్తుల నిపుణులకి ఊపిరితిత్తులు తెలుసు, డోపింగ్ జాబితా గుర్తుండాలని లేదు, వాళ్ళని తప్పుపట్టక్కర్లేదు. కానీ శాంపిల్‌లో దొరికినదానికి జవాబుదారీ మీరే, డాక్టర్ కాదు, కోచ్ కాదు.

చిన్న స్థాయిలో ఆడేవాళ్ళకి, పిల్లలకి కూడా టెస్ట్ చేయొచ్చు. వాళ్ళకి చాలాచోట్ల ముందుగా అనుమతి తప్పనిసరి కాదు, దొరికాక పెట్టుకునే వీలుంటుంది, మీరు ఏ వర్గంలోకి వస్తారో జాతీయ సంస్థ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఏ వర్గమైనా రిపోర్టులు ఇప్పుడే తయారుగా ఉంటే మేలు, పాజిటివ్ వచ్చాక స్పైరోమెట్రీకి పరిగెత్తడం కన్నా.

టెస్ట్ రోజు

శాంపిల్ తీసుకునేవాళ్ళు ఫారంలో గత 7 రోజుల్లో వాడిన మందులు, సప్లిమెంట్లు రాయమంటారు. ఇన్హేలర్ కూడా మందే, చాలామంది మర్చిపోయేది దాన్నే. మందు పేరు, డోసు, చివరిసారి ఎప్పుడు పీల్చారో రాయండి, అనుమతి ఉంటే దాని కాపీ చూపించండి, ఫారం కాపీ తీసుకోవడం మర్చిపోవద్దు. రేసు అవ్వగానే ఆయాసంగా ఉంటే అదే చెప్పండి, అవసరమైన వైద్యం తీసుకోవడానికి ఆలస్యం చేయొచ్చు, వాళ్ళ మనిషి మీ పక్కనే ఉంటాడు అంతే. చెప్పకుండా పక్కకి వెళ్ళిపోతే మాత్రం తప్పించుకున్నట్టు రాసుకుంటారు.

పోటీకి ముందు కాస్త నెమ్మదిగా, మధ్యమధ్యలో చిన్న స్ప్రింట్లతో వార్మప్ చేస్తే చాలామందికి ఆ తర్వాత కొంతసేపు శ్వాసనాళాలు అంత తేలిగ్గా బిగుసుకోవు. దాన్ని అలవాటు చేసుకుంటే పరుగుకి 15 నిమిషాల ముందు 2 పఫ్‌లు సరిపోతాయి, మిగతా 4 నిజంగా అవసరం వచ్చినప్పటికి ఉంటాయి. ఫోన్‌లో ఏటా డిసెంబర్ చివరి వారానికి ఒక రిమైండర్ పెట్టుకుని, కొత్త జాబితాలో ఎస్3 పేజీ తెరిచి మీ ఇన్హేలర్ పక్కన అంకె మారిందేమో చూసుకోండి, ఐదు నిమిషాల పని.